పనిముట్టు ఎవరి చేతిలో విరుగుతుంది?

ఈత కొలను శుభ్రం చేసే వల గురించీ, బ్రష్షు గురించీ సాహిత్య పత్రికలో రాయడమేమిటని పాఠకులకు తోచవచ్చు. వేసవి వస్తే బిందెలు వరుస కట్టే జిల్లాలో ఈత కొలను ఎంతమందికి సంబంధించిన సంగతి? ఆ ఆక్షేపణ న్యాయమైనదే. అయితే ధర్మాధర్మాల ప్రశ్న పెద్ద వస్తువుల దగ్గరే పుట్టాలన్న నియమం లేదు. ఆనకట్టలో, కర్మాగారంలో అది ఎన్నో లెక్కల మధ్య కలిసిపోయి విడదీయరాకుండా ఉంటుంది. ఒక కర్ర, ఒక జాలీ, నాలుగు బోల్టుల దగ్గరైతే అందరికీ కనిపిస్తుంది. అందుకే ఇంత చిన్న వస్తువును ఎంచుకున్నాను.

శక్తినగర్ నీటి ఒడ్డున నిప్పు కోసం వెలసిన ఊరు. రాయచూరుకు ఇంచుమించు ఇరవై కిలోమీటర్ల దూరంలో, దేవసూగూరు పక్కన, కృష్ణ గట్టున థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టారు. మొదటి యూనిట్ 1985లో పనిచేయడం మొదలుపెట్టింది. 2010లో ఎనిమిదోది చేరేసరికి మొత్తం సామర్థ్యం 1,720 మెగావాట్లయింది. నీరు కృష్ణది. బొగ్గులో కొంత సింగరేణి నుంచి వస్తుంది. నది దాటితే తెలంగాణ. 1956 దాకా ఈ రెండు గట్లూ ఒకే హైదరాబాదు రాజ్యంలో ఉండేవి కాబట్టి తెలుగు, కన్నడం, ఉర్దూ ఇక్కడ ఒకే వీధిలో వినిపించడంలో వింత లేదు. ఇట్లాంటి చోట ఆరుబయట నీటిని నిలవ ఉంచితే, అది కోనేరు కానీండి, ఈత కొలను కానీండి, దానిమీద ఏమేమి పడతాయో చెప్పనక్కరలేదు. నల్లరేగడి దుమ్ము, వేపాకు, బొగ్గు కాల్చే చోట తప్పని బూడిద. నిలిచిన నీరు తనంతట తాను శుభ్రంగా ఉండదు. ఎవరో ఒకరు రోజూ ఒడ్డున నిలబడి శుభ్రం చేయాలి.

కొలను శుభ్రం చేసేవాడి దగ్గర సామాన్యంగా నాలుగు వస్తువులు ఉంటాయి. ఒకదానిలోంచి ఒకటి జరిగి పొడవయ్యే అల్యూమినియం గొట్టం మొదటిది. ఆ గొట్టం కొసకు తగిలించి నీటిమీది ఆకులు తీసే వల రెండోది. గోడలు రుద్దే బ్రష్షు మూడోది. అడుగున చేరిన మడ్డిని పీల్చే, చక్రాలున్న వెడల్పాటి తల, దాని వెంట పొడుగాటి పైపు నాలుగోది. క్లోరిను వేస్తే చాలదా, ఇవన్నీ ఎందుకని అడగవచ్చు. చాలదు. పాచి గోడను జిగురు పొరలా పట్టుకుని ఉంటుంది. దాన్ని రుద్ది కదిలిస్తే తప్ప క్లోరిను లోపలి దాకా పోదు. రుద్దకపోతే గోడ జారుతుంది, నీరు మసకబారుతుంది, అడుగు కనిపించదు. అడుగు కనిపించని కొలనులో ఒక పిల్లవాడు మునిగితే ఒడ్డున కూర్చున్న వారి కళ్ళకు ఆనడు. కాబట్టి బ్రష్షు కుచ్చు సరిగ్గా ఉందా లేదా అన్నది అలంకారానికి సంబంధించిన విషయం కాదు.

ఇప్పుడు ఈ వస్తువులు ఎట్లా పాడవుతాయో చూద్దాం. చవక రకం వలలో జాలీని ప్లాస్టిక్ చట్రానికి అచ్చులోనే అతికించేస్తారు. ఒకచోట చిరిగితే దాన్ని విప్పడానికి లేదు, కుట్టడానికి అంచు లేదు. బ్రష్షు కుచ్చును ఎండా, క్లోరినూ కలిసి పెళుసు చేస్తాయి. వెంట్రుకలు వంగిపోయినప్పుడు వీపు చెక్క ఎంత గట్టిగా ఉన్నా మొత్తం పారేయవలసిందే, ఎందుకంటే రెండూ ఒకే ముద్దగా చేసినవి. గొట్టం లోపల దాన్ని బిగించి పట్టే చిన్న ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంటుంది. అది అరిగితే గొట్టం పని మధ్యలో జారిపోతుంది. ఆ ముక్క విడిగా దొరకదు. అల్యూమినియం గొట్టానికి స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు నేరుగా బిగిస్తే, తడి తగిలినచోట ఆ రెండు లోహాల మధ్య అల్యూమినియం తినుకుపోయి తెల్లటి పొడి చేరుతుంది, కొన్నాళ్ళకు బోల్టు తిరగదు. మధ్యన ఒక నైలాను వాషరు వేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఇదేమీ గొప్ప రహస్యం కాదు, లోహాలతో పనిచేసే వారందరికీ తెలిసినదే.

ఇదే కృష్ణలో చేపలు పట్టే బెస్తవాని వలను దీని పక్కన పెట్టి చూడండి. అది రోజూ చిరుగుతుంది. రాయికి తగిలి, ముల్లుకు తగిలి, పెద్ద చేప తెంపుకుని పోయి చిరుగుతుంది. సాయంకాలం గట్టున కూర్చుని, చిన్న వెదురు సూదికి దారం చుట్టుకుని, తెగిన కన్ను దగ్గర మళ్ళీ ముడి వేస్తాడు. వల మొదటినుంచీ ముడులతోనే అల్లింది కాబట్టి ఏ ముడి తెగితే ఆ ముడి వేసుకోవచ్చు. అల్లిన పద్ధతే బాగుచేసే పద్ధతి కూడా. ఆకులు తీసే వల నిజానికి దీనికి చెల్లెలు. దానికి చేప బరువు లేదు, ముళ్ళూ రాళ్ళూ లేవు. అయినా అది ముందుగా చెత్తకుప్పకు చేరుతుంది. కారణం దారంలో లేదు, చేసినవాడి ఉద్దేశంలో ఉంది. చేపల వల చేసినవాడు, దాన్ని వాడేవాడు, బాగుచేసేవాడు చాలాసార్లు ఒకే మనిషి, లేదా ఒకే ఇంటివాళ్ళు. ఆకుల వలకు ముగ్గురూ వేరు. అంతేకాదు, కొనే నాలుగో మనిషి ఒకడున్నాడు.

ఆ నాలుగో మనిషి దగ్గరే అసలు చిక్కు ఉంది. క్లబ్బుకో, బడికో, హోటలుకో సామాను కొనే గుమాస్తా వల పట్టుకోడు. అతని ముందు మూడు కొటేషన్లు ఉంటాయి, తక్కువ ధర ఉన్నదాని మీద సంతకం పెడతాడు. అతణ్ణి తప్పుపట్టడానికి లేదు, పై అధికారి రేపు అడిగేది ఆ ధరనే. వల ఎన్నాళ్ళు నిలిచింది, విరిగితే ఏం చేశారు అని ఎవరూ అడగరు. విరిగిన రోజున మాత్రం పనివాడు నిలబడి జవాబు చెప్పుకోవాలి. ‘ఎట్లా వాడావు?’ అన్న ప్రశ్న అతనికి వస్తుంది, ‘ఎట్లా చేశావు?’ అన్నది కార్ఖానాకు పోదు. కొత్తది వచ్చే దాకా అతడు ఇనుప తీగ చుట్టి వాడతాడు. ఆ తీగ కొస చేతికి గీరుకుంటుంది. అదీ కుదరకపోతే నీళ్ళలోకి దిగి చేత్తో తీస్తాడు. పనిముట్టు లేనిచోట ఒళ్ళే పనిముట్టు అవుతుంది.

విరిగే గుణాన్ని వస్తువులో పెట్టినవారు ఒకరు, విరిగినప్పుడు దాన్ని మోసేవారు మరొకరు. ఈ ఇద్దరికీ ముఖపరిచయం లేదు. ముఖం చూడని మనిషికి నేను ఏమి బాకీ ఉన్నాను? పనిముట్టు చేసేవాడి ధర్మం గురించిన ప్రశ్న ఇదే.

మన పల్లెల్లో ఒకప్పుడు ఈ ముఖపరిచయం ఉండేది. నాగలి కర్రు అరిగేదే. మట్టిని చీల్చుతూ అరగడమే దాని పని. అందుకే నాగలి అంతా కర్రతో చేసి, అరిగే కొసను మాత్రం విడిగా ఇనుముతో చేసి తగిలించేవారు. కర్రు మొద్దుబారితే కమ్మరి కొలిమిలో కాల్చి సాగగొట్టేవాడు. ఆ పనికి ఏ పూటకాపూట డబ్బు తీసుకోకుండా పంట కళ్ళంలో ఏడాదికింతని గింజలు కొలిపించుకునేవాడు. దాన్ని మేర అన్నారు. ఈ ఏర్పాటులో ఒక తర్కం ఉంది. ఏడాదంతటికీ కొలత ముందే స్థిరమైంది కాబట్టి కర్రు మాటిమాటికీ పాడైతే కమ్మరికే చాకిరీ ఎక్కువ. గట్టిగా చేస్తే అతనికే సుఖం. ఈనాడు అమ్మేవాడి లాభం వస్తువు ఎంత త్వరగా పాడైతే అంత ఎక్కువ. ఆనాడు చేసేవాడి లాభం అది ఎన్నాళ్ళు నిలిస్తే అంత ఎక్కువ.

ఆ రోజులు బంగారమని అనడానికి మాత్రం మనసొప్పదు. మేర కొలిచిన చేయి పైచేయి, కొలిపించుకున్న చేయి కింది చేయి. కమ్మరి కొడుకు కమ్మరే కావాలి, మాదిగ కొడుకు చెప్పులే కుట్టాలి. పంట పోయిన ఏడు గింజలూ పోయేవి. బాధ్యత ఉండేది కానీ దాన్ని వదిలి వెళ్ళే స్వేచ్ఛ లేదు. ఈనాడు ఆ స్వేచ్ఛ ఎంతో కొంత వచ్చింది, బాధ్యత పోయింది. కులం లేకుండా ఆ బాధ్యతను మాత్రం నిలబెట్టుకోగల మార్గం ఏదైనా ఉందా అన్నదే మనం వెతకవలసినది.

అట్లా వెతికినవారు మనకు లేకపోలేదు. 1929లో అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నానికి లక్ష రూపాయల బహుమానం ప్రకటించింది. ఆనాటికి అది అసాధారణమైన మొత్తం. దానికి పెట్టిన షరతులు నేటి డిజైను విద్యార్థులు చదవదగినవి. రాట్నం తేలికగా ఉండాలి, గుడిసెలో చేత్తో గానీ కాలితో గానీ నడిచేదై ఉండాలి. ఒక స్త్రీ రోజుకు ఎనిమిది గంటలు అలసట లేకుండా వడకగలగాలి. ధర నూట యాభై రూపాయలు మించరాదు. వేళకు మరమ్మతు చేసుకుంటూ పోతే ఇరవై ఏళ్ళు నడవాలి. ఏడాదికి మరమ్మతు ఖర్చు యంత్రం ధరలో నూటికి ఐదు మించరాదు. బహుమానం చివరకు ఎవరికీ దక్కలేదు. అయినా ఆ షరతుల్లో ఒక మెలకువ ఉంది. ఇరవై ఏళ్ళు చెడిపోకుండా ఉండాలని వారు అడగలేదు. వేళకు బాగుచేసుకుంటే ఇరవై ఏళ్ళు నడవాలని అడిగారు, ఆ బాగుచేసే ఖర్చుకు కూడా హద్దు గీశారు. వస్తువు పాడవుతుందని ముందే ఒప్పుకుని, పాడైన రోజున దాన్ని వాడే మనిషి దిక్కులేకుండా నిలబడకూడదని చూశారు. వడికే స్త్రీ ఆ షరతులు రాసిన కాగితంలో ఒక మనిషిగా కనిపిస్తుంది. ఆమె అలసట కూడా లెక్కలోకి వచ్చింది.

మన్నిక వేరు, మరమ్మతుకు వీలు వేరు. ఈ తేడాను మనం తరచూ పట్టించుకోము. బావిలో పడ్డ చేదను తీసే పాతాళగరిగె పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కన్నడిగులు పాతాళగరడి అంటారు. ఇనుప కొక్కేల గుత్తి అది. తరాలు గడిచినా దానికి ఏమీ కాదు, బాగుచేయవలసిన అవసరమే రాదు. అది మన్నిక. నాగలి కర్రు సంగతి వేరు. అది ఏటేటా అరుగుతుంది, ఏటేటా బాగవుతుంది. అది మరమ్మతుకు వీలు. మన్నిక వస్తువు ఒంట్లో ఉండే గుణం, మంచి ఇనుము పోస్తే వస్తుంది. మరమ్మతుకు వీలు అన్నది మాత్రం వస్తువు ఒక్కదానితో తేలదు. విడి భాగం దొరకాలి, దాన్ని విప్పే పానా చేతిలో ఉండాలి, విప్పడం తెలిసిన మనిషి దగ్గర్లో ఉండాలి, విప్పే హక్కు అతనికి ఉండాలి. ఇవన్నీ మనుషుల మధ్య జరిగే సంగతులు.

ఈ తేడా ఎంత దూరం పోతుందో మన ఊళ్ళ బోరింగు చెబుతుంది. 1970లలో పల్లెల్లో వేసిన పోత ఇనుప చేతిపంపులు చాలాచోట్ల పాడై పడి ఉండేవి. ఒక కుటుంబానికి సరిపోయేట్టు చేసిన పంపును ఊరంతా కొడితే ఏమవుతుంది? షోలాపూరు వైపు తయారైన ఒక గట్టి పంపు నమూనాను ఆధారం చేసుకుని, యూనిసెఫ్, ప్రభుత్వం, ఇంజనీర్లు కలిసి ఇండియా మార్క్ టూ పంపును తయారు చేశారు. దానికి పేటెంటు పెట్టుకోలేదు. భారత ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 9301 పేరుతో కొలతలు నిర్ణయించింది. అందువల్ల ఏ కార్ఖానాలో చేసిన భాగమైనా మరో కార్ఖానా పంపుకు సరిపోతుంది. పంపు మన్నికకు వంక పెట్టడానికి లేకుండా వచ్చింది. కానీ కొన్నేళ్ళకు మరో లోటు బయటపడింది. లోపలి వాషరు ఒకటి మార్చాలన్నా భూమిలోని పైపులన్నీ పైకి లాగాలి. దానికి ప్రత్యేకమైన సామాను కావాలి, నలుగురైదుగురు మనుషులు కావాలి, పట్నం నుంచి బండి రావాలి. బండి వచ్చే దాకా ఆడవాళ్ళు చెలమల దగ్గరికి నడవాలి. పంపు గట్టిదే, కానీ ఊరివాళ్ళది కాలేదు. దాని తరువాత వచ్చిన మార్క్ త్రీలో నీరు పైకి వచ్చే పైపును వెడల్పు చేశారు. ఆ పైపును కదపకుండానే దాని లోపలనుంచి పిస్టనును కడ్డీలతో పైకి తీయవచ్చు. పైపు వెడల్పు కావడంతో ఖర్చు పెరిగింది. ఆ ఖర్చుతో ఊరివాళ్ళకు తమ పంపు మీద తమ చేయి దక్కింది. ఊరివాళ్ళకు ఈ పని చేతకాదనుకునే ఇంజనీరుకు ఇట్లాంటి మార్పు తోచదు. చేతనవుతుందని నమ్మినవాడికే తోచింది.

నాకు తోచేది ఇది. మరమ్మతుకు వీలుగా చేయడమంటే, ఎప్పుడూ చూడని ఒక మనిషి చేతిలో తెలివి ఉందని ఒప్పుకోవడం. అతుకు వేసి మూసేయడమంటే, ‘నీకు ఇందులో పని లేదు, పాడైతే నా దగ్గరికే రా’ అని చెప్పడం. చేసినవాడు నోరు తెరవకపోయినా బోల్టు ఉన్నచోటా లేనిచోటా ఆ మాట వినిపిస్తూనే ఉంటుంది.

దీనికి ఎదురు వాదాలున్నాయి, వాటిని తేలికగా తోసేయరాదు. మొదటిది ధర. గట్టి వస్తువు ఖరీదు, చవక వస్తువు వల్లనే పేదవాడు కూడా కొనగలుగుతున్నాడని అంటారు. సొంత డబ్బు పెట్టి కొనుక్కునే కూలీ విషయంలో ఈ మాటకు బలముంది. అతడు ఈ రోజు కొనగలిగినదే కొంటాడు. కానీ కొలను సామాను కొనేది పేదవాడు కాదు, కొలను కట్టగలిగిన సంస్థ. ఆ సంస్థ పేదవాడి పేరు చెప్పి చవక వల కొనడంలో నిజాయితీ లేదు. ఒక మాట అదనంగా చెప్పాలి. మరమ్మతుకు వీలుండటం ఎప్పుడూ ఖరీదైన పనే కాదు. జాలీని అచ్చులో అతికించకుండా చట్రం చుట్టూ రంధ్రాలు చేసి తాడుతో అల్లడానికి అయ్యే ఖర్చు ఎంత?

రెండో వాదం భద్రత. ఇప్పుడు కొలను అడుగున తనంతట తానే తిరుగుతూ మడ్డి పీల్చే యంత్రాలు వచ్చాయి. నీళ్ళలో విద్యుత్తుతో నడిచేవి కాబట్టి మోటారును బిగువుగా మూయక తప్పదు. ఎవరు పడితే వారు విప్పితే ప్రాణం మీదికి వస్తుంది. ఇది సరైన మాటే. కరెంటు పుట్టే ఊరివాళ్ళకు దీన్ని ఎవరూ నేర్పనక్కరలేదు. అయితే నీళ్ళు లోపలికి పోకుండా మూయడం ఒకటి, మెకానిక్కు లోపలికి పోకుండా మూయడం మరొకటి. మోటారు పెట్టెను రబ్బరు వలయంతో, బోల్టులతో మూస్తే నీళ్ళు ఆగుతాయి, పని తెలిసినవాడికి దారి ఉంటుంది. అంతా జిగురుతో నింపేస్తే ఇద్దరూ ఆగిపోతారు. పైగా ఆ యంత్రం బయటి భాగాలు, అంటే నేలమీద దొర్లే రబ్బరు పట్టీలు, బ్రష్షులు, చెత్తసంచి, వీటికి విద్యుత్తుతో ఏ సంబంధమూ లేదు. ముందు అరిగేవి అవే. వాటిని మార్చుకోనివ్వకపోవడానికి భద్రత అన్న సాకు చెల్లదు.

మూడో వాదం పనివాడి ఒంటినుంచి వస్తుంది. దీన్నే అన్నిటికన్నా గౌరవంగా వినాలి. మన్నిక మన్నిక అని ఇనుప గొట్టం ఇస్తే అది యాభై ఏళ్ళు ఉంటుంది, కానీ నాలుగైదు మీటర్ల పొడవున నీళ్ళ మీదికి చాచి పట్టుకునే భుజం పదేళ్ళు ఉండదు. భుజానికి విడి భాగాలు దొరకవు. అందుకే ఆనాటి రాట్నం షరతుల్లో తేలికగా ఉండాలన్నది ముందు వరసలోనే ఉంది. తేలికైన అల్యూమినియమే మంచిది, దాన్ని నిలబెట్టుకునే ఉపాయం చేయాలి. బోల్టులకు నైలాను వాషర్లు వేయాలి. నీటిలో మునిగే స్టీలు భాగాలకు మామూలు 304 రకం కన్నా, నూటికి రెండు మూడు పాళ్ళు మాలిబ్డినం కలిసిన 316 రకం క్లోరైడుకు ఎక్కువగా తట్టుకుంటుంది. బ్రష్షు వీపుకు ఒక గాడి ఉండి, కుచ్చు పట్టీ మాత్రం జరిపి మార్చుకునేట్టు ఉండాలి. బోల్టులన్నీ ఒకే కొలతవై, ఏ సైకిలు షాపులోనైనా దొరికే పదో నంబరు పానాతో విప్పేట్టు ఉండాలి. అరిగే భాగం ఏది, నిలిచే భాగం ఏది అన్నది ముందే తేల్చుకుని ఆ రెంటినీ విడిగా చేయాలి. నాగలి చేసిన వడ్రంగికి తెలిసిన సూత్రమే ఇది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. శుభ్రం చేసే పనిముట్ల గురించి కర్ణాటకలోని తెలుగువారు మాట్లాడేటప్పుడు కోలారు బంగారు గనులను మరచిపోరాదు. 1966లో అక్కడి తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, తన వాళ్ళు చేతులతో మలం ఎత్తే పనిలో ఉండటం చూసి, దాన్ని రూపుమాపడానికి జీవితాన్ని పెట్టారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఆయనా, సఫాయీ కర్మచారి ఆందోళనూ అడిగింది మెరుగైన చీపురు కాదు, ఆ పని అంతం కావాలని. 1993లో ఒక చట్టం, 2013లో మరొకటి వచ్చాయి. మురుగు కాలువల్లో దిగి చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో, ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేస్తూ 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. కొలను ఒడ్డున వల పట్టడం దానితో సమానమైన పని కాదు. సమానమని అంటే ఆ మరణాలను తక్కువ చేసినట్టే. అయినా ఆ పోరాటం ఈ చర్చకు ఒక హద్దు గీస్తుంది. మంచి పనిముట్టు ఇచ్చినంతమాత్రాన ప్రతి పనీ ధర్మబద్ధమైపోదు. ముందు అడగవలసినది ఈ పని ఒక మనిషి చేయదగినదేనా అని. అవునని తేలిన పనికి మాత్రమే మంచి పనిముట్టు గురించి మాట్లాడే అర్హత మనకు ఉంటుంది. కొలను శుభ్రం చేయడం చేయదగిన పనే. నలుగురి పిల్లల ప్రాణాన్ని కాపాడే పని అది. అటువంటి పనికి పెళుసు పనిముట్టు ఇవ్వడానికి కారణం ఏం చెబుతాం?

చట్టం కూడా ఈ వైపు కొంత కదిలింది. 2022 జూలైలో మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీని వేసింది, ఆ డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. 2024లో ఐరోపా సమాఖ్య కొన్ని రకాల వస్తువులను బాగుచేసి ఇవ్వవలసిన బాధ్యత తయారీదారులదేనని ఒక శాసనం చేసింది. ఇవి స్వాగతించదగినవే. అయితే మన ప్రభుత్వం ముందుగా ఎంచుకున్న రంగాలు నాలుగు: వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లూ ఎలక్ట్రానిక్ వస్తువులూ, గృహోపకరణాలు, వాహనాలు. ఊడ్చేవాడి, కడిగేవాడి, వల పట్టేవాడి పనిముట్లు ఈ నాలుగింటిలో ఎక్కడా సరిగ్గా ఇమడవు. ఇంకో సంగతి, ఆ హక్కు వినియోగదారుడిది. చట్టం దృష్టిలో వినియోగదారుడంటే కొన్నవాడు, అతని సమ్మతితో వాడేవాడు; వ్యాపార అవసరానికి కొన్న వస్తువు మాత్రం ఆ లెక్కలోకి రాదు. హోటలు లాంటి చోట రోజూ చేత్తో పట్టుకునేవాడు ఆ మాటలోకి రావడానికి ఇంకా దారి వెయ్యాలి.

చట్టం వచ్చే దాకా ఆగనక్కరలేని పని ఒకటుంది. దసరా వేళ ఆయుధపూజ నాడు మనం యంత్రాలకు కుంకుమ పెడతాం, లారీకి దండ వేస్తాం, పానాలనూ సుత్తెలనూ కడిగి వరసగా పేరుస్తాం. చీపురును తొక్కితే లక్ష్మిని తొక్కినట్టని పిల్లలకు చెబుతాం. ఈ గౌరవం ఏడాదికి ఒకనాడు కాక సామాను కొనే నాడు చూపిస్తే చాలు. సంస్థల్లో పనిచేసే పాఠకులు ఎందరో ఉన్నారు. కొనుగోలు కాగితం మీ బల్ల మీదికి వచ్చినప్పుడు మూడు మాటలు అడగండి. దీనిలో ముందు అరిగేది ఏది? అది విడిగా దొరుకుతుందా? దాన్ని మార్చేది ఎవరు, ఏ పానాతో? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని అమ్మకందారు ఎంత తక్కువకు ఇచ్చినా అది తక్కువ ధర కాదు. సంతకం పెట్టే ముందు ఆ వల పట్టే మనిషిని పిలిచి ఒకసారి చేతికివ్వండి. బరువెంత, పట్టు ఎట్లా ఉంది, పోయినసారిది ఎక్కడ విరిగింది అని అడగండి. ఆ ముచ్చటకు పది నిమిషాలు పడుతుంది. నాకు తెలిసినంతలో ఏ కొటేషనులోనూ లేని సమాచారం ఆ పది నిమిషాల్లో దొరుకుతుంది.

శక్తినగర్ దగ్గర కృష్ణ మీద నిజాం ఏలుబడిలో, 1943లో పూర్తయిన పాత వంతెన ఉంది. రాయచూరు నుంచి హైదరాబాదు వైపు పోయినవారందరూ దాన్ని దాటినవారే. కట్టినవారు పోయారు, కట్టించిన రాజ్యం పోయింది, రెండు గట్లూ రెండు రాష్ట్రాలయ్యాయి. వంతెన మీద రాకపోకలు ఆపి బాగుచేసినప్పుడల్లా మనం ఆలస్యమైందని విసుక్కున్నాం. ఇన్నేళ్ళు నిలిచింది కదా అని దాన్ని కట్టినవారిని మెచ్చుకుంటాం, అది న్యాయమే. ఎండలో తాపీ పట్టుకుని పగుళ్ళు పూడ్చినవారి పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు. నిలబెట్టిన పుణ్యంలో వారికీ సగం వాటా ఉంది. వంతెనకు వర్తించే ఈ లెక్క, కొలను ఒడ్డున ఆనించి పెట్టిన వలకూ వర్తిస్తుంది.